పరామర్శకు వచ్చిన పొలుసి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు ఒక వింత అలవాటు ఉండేది. ఎవరికి ఏ చిన్న దెబ్బ తగిలినా అడవి అంతా కట్టకట్టుకుని పరామర్శకు బయలుదేరేది. వెళ్ళి, చుట్టూ కూర్చుని, గొంతెత్తి ఏడ్చేది. ఎవరు ఎంత గట్టిగా ఏడిస్తే వాళ్ళది అంత మంచి మనసన్నమాట! నవ్వకండి పిల్లలూ, వాళ్ళకది పెద్ద మర్యాద.

ఈ ఏడుపులకు పెద్ద, ఓబులయ్య అనే ముసలి కొండముచ్చు. ఎవరు కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నారు, ఎవరు ఊరికే ముక్కు ఎగబీలుస్తున్నారు అని ఓ కంట కనిపెట్టడం ఆయన పని.

ఆ అడవిలోనే పొలుసి అనే ఆడ అలుగు ఉండేది. అలుగు అంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, సన్నటి మూతి. పొలుసికి ఒక చిక్కుండేది. ఎవరికి నొప్పి పుట్టినా ఆ నొప్పి నేరుగా తన ఒంట్లోకి వచ్చేసేది. పక్కవాళ్ళ కాలు బెణికితే తన కాలు సలిపేది. ఆపైన చుట్టూ గోల మొదలైతే తల పగిలిపోయేది. మాట పెగిలేది కాదు. మొహంలో ఏ మార్పూ కనబడేది కాదు. ఇక తట్టుకోలేక తల పొట్టలో దాచుకుని, తోక చుట్టేసుకుని, బంతిలా ముడుచుకుపోయేది. లోపల దాని గుండె దడదడలాడుతోందని బయటివాళ్ళకేం తెలుసు?

ఒకసారి కుందేలు కాల్లో ముల్లు దిగింది. అందరూ వెళ్ళారు. అందరూ ఏడ్చారు. పొలుసి ముడుచుకుపోయింది.

"చూడండమ్మా చోద్యం! పరామర్శకొచ్చి పడుకుంది!" అంది నెమలి.

అందరూ వెళ్ళిపోయాక పొలుసి మెల్లగా విప్పుకుంది. కుందేలు దగ్గరికి వెళ్ళి, "నొప్పి పైపైన ఉందా, లోపలుందా? నడిస్తే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా?" అని అడిగింది.

కుందేలుకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు గానీ ప్రశ్నలకేం తక్కువ లేదు! పో, పో!" అని తరిమేసింది.

పొలుసి వెనుదిరిగింది. కుంటుతున్న కాలికి తగలకుండా, కుందేలు నడిచే దారిలో రాళ్ళన్నీ గోళ్ళతో పక్కకు లాగేసి ఇంటికి పోయింది. దాన్ని ఎవరూ చూడలేదు.

రెండోసారి ఎలుగుబంటి ముక్కును తేనెటీగలు కుట్టాయి. ముక్కు బూరెలా పొంగింది. ఏడుపులు మిన్నంటాయి. ఈసారి పొలుసి ముడుచుకునేలోపే, పొడిపొడిగా, "మామా, ముక్కు మీద తడిమన్ను పెట్టుకో. మంట తగ్గుతుంది" అనేసింది.

అంతే! ఏడుపు మధ్యలో మాట్లాడటమా? ఓబులయ్య చెట్టు మీంచి దూకాడు.

"ఏమే పొలుసీ! ఎలుగు మామ అల్లాడిపోతుంటే నీ మొహంలో చలనం లేదు. గొంతులో తడి లేదు. నీది రాతిగుండె. ఇకమీదట ఎవరి కష్టానికీ నువ్వు రావద్దు. వచ్చావో, ఈ అడవే వదిలిపోవాలి!"

పొలుసి ఇంటికి వెళ్ళి బొరియలో ముడుచుకుంది. 'నాకు నిజంగానే గుండె లేదా? లేకపోతే ఇంత నొప్పి ఎక్కడ పుడుతోంది?' అని తనలో తనే కుమిలిపోయింది. ఆ రోజు తిండి కూడా తినలేదు.

మూడోసారి వచ్చిన కష్టం మామూలుది కాదు. మల్లక్క అనే ఏనుగుకు లేకలేక పుట్టిన గున్న ఒకడున్నాడు. పేరు డుంబు. రెండు రోజులుగా వాడు పాలు ముట్టలేదు. లేచి నిలబడలేదు. ఏమైందిరా అంటే తల విదిలించి కేక పెట్టడమే గానీ మాట్లాడలేదు. మల్లక్క గుండె చెరువైపోయింది.

అడవి అడవంతా వచ్చి వాడి చుట్టూ కూర్చుని ఏడుపు అందుకుంది. ఏడుపు పెరిగినప్పుడల్లా డుంబు గిలగిల కొట్టుకునేవాడు.

"చూశారా, మన ప్రేమకు బిడ్డ ఎలా కదిలిపోతున్నాడో! ఇంకా గట్టిగా ఏడవండి!" అన్నాడు ఓబులయ్య.

ఆ గోల పొలుసి బొరియ దాకా వినబడింది. ఉండబట్టలేక వచ్చి, ఓ పొద చాటు నుంచి తొంగి చూసింది. అందరూ డుంబు కన్నీళ్ళు చూస్తుంటే పొలుసి వాడి తల చూసింది. వాడు తలను ఒక వైపుకే విదిలిస్తున్నాడు. కుడి చెవినే నేలకేసి రుద్దుతున్నాడు. ఏడుపు పెరిగితే పొలుసి కుడి చెవిలో సూదులు దిగాయి. ఏడుపు తగ్గితే నొప్పి తగ్గింది. మళ్ళీ పెరిగింది. మళ్ళీ సూదులు!

పొలుసికి విషయం అర్థమైపోయింది. వెళితే తనకు అడవి దక్కదు. వెళ్ళకపోతే డుంబు దక్కడు.

వెళ్ళింది. సరాసరి జనం మధ్యలోకి నడిచింది.

"ఎంత ధైర్యమే నీకు! చెప్పింది మర్చిపోయావా?" అని గద్దించాడు ఓబులయ్య. చుట్టూ అరుపులు. పొలుసి తల దిమ్మెక్కిపోయింది. ముడుచుకుపొమ్మని వెన్ను దానంతటదే వంగింది. పళ్ళు బిగించి నిలబడింది అందామంటే అలుగుకు పళ్ళే ఉండవాయె! అందుకని గోళ్ళు నేలలోకి దించి నిలబడింది. ఉన్న గొంతంతా కూడదీసుకుని ఒక్క అరుపు అరిచింది.

"ఏడుపు ఆపండి! మీరు ఏడ్చినప్పుడల్లా వాడి కుడి చెవిలో పొడుస్తోంది!"

అందరూ నిర్ఘాంతపోయారు.

"వాడు చెప్పందే నీకెలా తెలిసింది?" అన్నాడు ఓబులయ్య.

"నాకూ పొడుస్తోంది తాతా, అందుకు!"

మల్లక్క ఒక్క క్షణం పొలుసి వైపు చూసింది. తొండం పైకెత్తి, "ఎవరూ నోరు మెదపకండి" అంది. ఏనుగు మాట కాదనేదెవరు? అడవి నిశ్శబ్దమైపోయింది. డుంబు తల విదిలించడం ఆపాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

పొలుసి వాడి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "డుంబూ, ఊరికే గుచ్చుతోందా, కదులుతూ గుచ్చుతోందా?"

"కదులుతూ గుచ్చుతోందక్కా" అన్నాడు డుంబు, నీరసంగా. "గోలయితే ఇంకా ఎక్కువగా కదులుతోంది."

"చీమలు!" అంది పొలుసి.

మరి చీమల సంగతి అలుగుకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? అలుగులకు అన్నమే చీమలు! పొలుసి తన జానెడు నాలుక సాచి, డుంబు చెవిలోకి పోనిచ్చింది. మొదటిసారి నాలుగు చీమలు వచ్చాయి. రెండోసారి పది వచ్చాయి. లోపలెక్కడో కరిచిపట్టుకుని ఇంకొకటుంది. డుంబుకు ప్రాణం జివ్వుమంది. పొలుసికీ జివ్వుమంది. అయినా వదల్లేదు. మూడోసారి ఇంత లావు గండుచీమ బయటికొచ్చింది!

డుంబు చెవులు రెండూ టపటపలాడించాడు. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆకలి!" అన్నాడు.

మల్లక్క కళ్ళు జలజలా కురిశాయి. డుంబు కడుపునిండా పాలు తాగేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు ఓబులయ్య పొలుసి దగ్గరికి వచ్చాడు.

"ఇంత మనసున్నదానివి, పరామర్శకొచ్చి ఎందుకు ముడుచుకున్నావమ్మా?"

"మీ నొప్పి నాకు పట్టక కాదు తాతా. మరీ ఎక్కువగా పట్టి."

"మరి చెప్పలేదేం?"

"గోలకు తల పగిలిపోయి మాట రాలేదు. మీరూ అడగలేదు. రాతిగుండె అని మీరే తేల్చేశారు."

ఓబులయ్య తల దించుకున్నాడు. "తప్పు నాదే తల్లీ" అని అందరూ వినేలా అన్నాడు. "ఈ అడవి నీది. నిన్ను పొమ్మనే హక్కు ఎవరికీ లేదు."

మల్లక్క పొలుసిని తొండంతో ఎత్తి నెత్తిన కూర్చోబెట్టుకుంది. ఊరేగింపు కదిలింది. కుందేలు, ఎలుగుబంటి, నెమలి, అందరూ వెనకాల నడిచారు. ఒక్కరు కూడా కేరింత కొట్టలేదు. డుంబుకు మాత్రం సంతోషంతో ఘీంకరించాలని నోటిదాకా వచ్చింది, పాపం బలవంతాన మింగేశాడు. ఆకుల గలగల తప్ప చప్పుడు లేదు. ఏనుగు నెత్తి మీంచి పొలుసి అడవినంతా చూసింది. అంత ఎత్తు నుంచి, అంత హాయిగా, ఏ అలుగూ ఎన్నడూ అడవిని చూసి ఉండదు.

నీతి: కన్నీళ్ళు కనబడనంత మాత్రాన మనసు లేదనుకోకూడదు. ఎదుటివారి గుండెలో ఏముందో మొహం చూసి తేల్చేయకుండా, అడిగి తెలుసుకోవాలి.