గుమ్మంలో వదిలిన గంట

చైత్ర బహుళ సప్తమి, గురువారం, రాత్రి తొమ్మిదిన్నర. అంకయ్య గొర్రెల మందలో ఆ తిథినీ ఆ వేళనీ ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. తల్లులు పిల్లలకి చెప్పారు, ఆ పిల్లలు పెరిగి తమ పిల్లలకి చెప్పుకున్నారు. నేను విన్నది విన్నట్టే రాస్తున్నాను.

పొగాకు తీసేసిన చేలో మంద కట్టారు. చుట్టూ వల దడి, దడి బయట కర్రి అనే నల్లకుక్క. మందకి ముందు నడిచేవాడు సింగరాయుడనే పొట్టేలు. అతని మెడలో తోలుపట్టీ, దానికి కంచు గంట. గొర్రెలకి దారి తెలియదు, గంట తెలుసు. అది ఎటు మోగితే అటు నడుస్తాయి. నిద్రలో లేపినా అంతే. కర్రికీ ఆ గంటే గుర్తు. మెల్లగా మోగితే పొట్టేలు నెమరేస్తున్నాడనుకుని కళ్ళు మూసుకుంటుంది. గబగబా మోగిందా, దొంగ పడ్డాడని లేస్తుంది.

ఆ రాత్రి సింగరాయుడు ఎప్పటిలాగే మోగకుండా గంటలో బురద కూరుకుని, వల కింద సందు వెతుక్కుంటున్నాడు. పెళ్ళాం మాచమ్మ పడుకున్నచోటి నుంచే అడిగింది.

"బ్యారన్‌కేనా?"

"ఈ ఒక్క రాత్రికీ."

"పోయిన అమావాస్యకీ ఇదే మాట. పొద్దున మోకాళ్ళు పట్టేశాయని మూలిగావు."

"కూర్చుంటే పట్టేస్తాయి. ఆడితే వదులుతాయి."

"ఆడి వచ్చి నక్కకంపు కొడుతూ నా పక్కనే పడుకుంటావు. పసిపిల్లలున్నారు, పదిహేను రోజుల వాళ్ళు. ఆ మాటైనా గుర్తుందా?"

"తెల్లారేలోపు వచ్చేస్తానుగా," అని అతను వల కిందినుంచి దూరిపోయాడు. మాచమ్మ మాలకొండ నరసింహస్వామిని తలుచుకుని, ఇద్దరు పిల్లల్నీ పొట్ట కిందికి లాక్కుంది.

బ్యారన్ అంటే ఒకప్పుడు పొగాకుని వేడికి ఎండబెట్టిన ఎత్తు గోడల కొట్టం. పాడుపడ్డాక జంతువులు చేరాయి. చీకటి పడితే అక్కడ ఆట, పాట, మిణుగురుల వెలుగు. నడిపేవాడు జంబన్న అనే నక్క. గుమ్మం కాసేది గుడ్లగూబ. నాలుగేళ్ళుగా సింగరాయుడు లేని రాత్రి అక్కడ లేదు.

ఆ రాత్రి గుడ్లగూబ రెక్క అడ్డం పెట్టింది.

"గంటతో లోపలికి వెళ్ళకూడదు."

"ఏమే, నన్ను ఎరగవూ? ఈ గంట తాళం మీదే కదా అందరూ ఆడేవాళ్ళు!"

"అవన్నీ పాత రోజులు తాతా. ఇప్పుడు పాట మారింది."

తాతా అన్న మాట సింగరాయుడికి ఎక్కడో గుచ్చుకుంది. వెనక నుంచి జంబన్న నవ్వుతూ వచ్చాడు.

"మా బావని తాత అంటావా, సిగ్గులేదూ? బావా, పిల్లకాయల ముచ్చట, నువ్వేం అనుకోకు. గంట ఇక్కడ పెట్టు, పొద్దున తీసుకుపో. లేకపోతే నిజంగానే ముసలాడివైపోయావనుకుంటారు."

ఆ మాటతో సింగరాయుడు మెడ వంచాడు. గుడ్లగూబ ముక్కుతో పట్టీ ముడి విప్పింది. తలుపు అతని వెనక మూసుకుంది.

మూసుకోగానే జంబన్న గంటలోని బురద గోకేసి, "ఆ పట్టీ నా మెడకి కట్టవే," అన్నాడు.

"ఎక్కడికి?" అంది గుడ్లగూబ.

"మందకి. నేను ముందు నడుస్తా, అవి వెనక వస్తాయి. వాగులో మా చుట్టాలు ఎనిమిదిమంది ఆకలితో కూర్చున్నారు. ముందు పిల్లలు, తర్వాత తల్లులు."

"పొట్టేలు బయటికొస్తే?"

"వాడా? నాలుగేళ్ళుగా చూస్తున్నా. తెల్లారి వెళ్ళగొడితే తప్ప పోడు."

లోపల సింగరాయుడు నాలుగు అడుగులు వేసి చుట్టూ చూశాడు. మధ్యలో ఆడేచోటు ఖాళీగా ఉంది. అందరూ గోడవారగా వరుస కట్టారు. గోడకి ఎవరో పారేసిన అద్దం ఆనించి ఉంది. మిణుగురులన్నీ దాని చుట్టూ చేరాయి. వంతు వచ్చినవాళ్ళు అద్దం ముందుకెళ్ళి రెండు గెంతులు వేసి, తమని తాము చూసుకుని, తిరిగి వరుస చివరికి పోతున్నారు. కీచురాళ్ళు ఒకటే రొద. పక్కవాడి మాట వినబడదు.

మూలన ముసలి పందికొక్కు ఒకటి కనిపించింది. పాత జట్టులో మిగిలింది అదొక్కటే.

"వీళ్ళెవరూ ఆడరేం?" అని సింగరాయుడు దాని చెవిలో అరిచాడు.

"ఆడుతున్నట్టు కనబడితే చాలట!"

"మన గాడిద ఏడి? పాట వాడిదేగా!"

"గొంతు బాగాలేదని రావద్దన్నారు. తాబేలు తనంతట తనే మానేసింది. పెందలాడే పడుకుంటే ఒళ్ళు హాయిగా ఉందట."

"మరి నువ్వెందుకొస్తున్నావే?"

"నా బొరియ ఈ గోడ కిందే. ఎక్కడికి పోను? నీకేం వచ్చింది రోగం?"

సింగరాయుడు అద్దం వైపు నడిచాడు. వరుసలో నిలబడి చూశాడు. వంతు వచ్చింది. అద్దంలో తెల్లబడ్డ మూతి, ఒరిగిన ఎడమ కొమ్ము కనిపించాయి. వెనక కుందేలు కుర్రది, "తాతా, తొందరగా కానీ," అంది. ఈసారి ఆ మాట గుచ్చుకోలేదు. కోపమూ రాలేదు. నిద్ర వచ్చింది, అంతే. ఇంటి దగ్గర పసివాళ్ళు పాలు తాగుతూ చేసే చప్పుడు గుర్తొచ్చింది.

"నేను పోతున్నా," అన్నాడు పందికొక్కుతో.

"అర్ధరాత్రయినా కాలేదు!"

"అయినా సరే."

గుమ్మంలో గంట లేదు. గుడ్లగూబ ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. అప్పుడే చంద్రుడు పైకొస్తున్నాడు. ఆ మసక వెలుగులో, వాగు వైపు పోయే గట్టు మీద, మంద మంద అంతా ఒకరి వెనక ఒకరు నడిచిపోవడం సింగరాయుడు చూశాడు. ముందు గంట మెల్లగా మోగుతోంది. అతను లేకుండానే మోగుతోంది.

మాచమ్మకి నక్కవాసన తగలకపోలేదు. తగిలింది. "మళ్ళీ ఆ బ్యారన్ కంపే," అని మొహం తిప్పుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని నడుస్తోంది.

సింగరాయుడు అడ్డదారిన చేనుకి అడ్డంపడి పరుగెత్తాడు. ఒక్క పోటు పొడిచి నక్కని పడగొట్టగలడు. కానీ వాగులో ఎనిమిది జతల కళ్ళు మెరుస్తున్నాయి, ఆ చప్పుడుకి అవన్నీ పైకొస్తే? కర్రి దూరంగా, మెల్లగా మోగే గంట వింటూ నిశ్చింతగా పడుకుని ఉంది. అతను ఊపిరి సర్దుకుని, తీరిగ్గా నడుస్తున్నట్టు గట్టెక్కాడు.

"జంబన్న బావా! గంట నీ మెడకి ముద్దొస్తోందే!"

నక్క కాలు తడబడింది. "నువ్వు... లోపల లేవూ?"

"నిద్రొచ్చింది. ఇంటికి పోతున్నా."

"నిద్రా? నీకా?"

"వయసు బావా! ఆ గంట మోసీ మోసీ మెడ కాయకట్టింది. ఇన్నాళ్ళకి ఒకడు అందుకున్నాడు, సంతోషం. ఈ మందని ఏం చేసుకుంటావో చేసుకో. నాకు పట్టదు. కాకపోతే నీ నడక చూస్తే జాలేస్తోంది."

"నా నడకకేం?"

"కొత్త పెళ్ళికూతురిలా నడుస్తుంటే గంట ఏం మోగుతుంది? వెనక్కి చూడు. చిన్నపిల్లలు అప్పుడే ఆగిపోయారు. వాగు చేరేసరికి నీ వెనక నాలుగు ముసలి గొర్రెలు మిగులుతాయి. మెడ కాస్త విదిలించు."

నక్కకి చిన్నపిల్లలే కావాలి. విదిలించాడు.

"ఇంతేనా? నాలుగేళ్ళు నా ఆట చూశావు, ఇదా నేర్చుకున్నది? పోనీలే, నీ వల్ల కాదు."

"నా వల్ల కాదా? నీకంటే నేనే నయం, చూడు!" అని జంబన్న ముందు కాళ్ళు ఎత్తి, తల ఊపుతూ గట్టు మీద గెంతడం మొదలుపెట్టాడు. గంట గణగణా మోగింది. ఆగకుండా మోగింది.

చేను అవతల కర్రి లేచింది. దాని అరుపుకి అంకయ్య కర్ర పట్టుకుని లేచాడు. కుక్క గట్టెక్కేలోపే వాగులోని చుట్టాలు జంబన్నకి చెప్పకుండా వెళ్ళిపోయారు. జంబన్న పరుగు తీశాడు, గంటా పరుగు తీసింది. దాని వెంట మంద కూడా కదిలింది. సింగరాయుడు కొమ్ములు దించి గట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. మొదటి గొర్రె అతన్ని గుద్దుకుని ఆగింది. అది మాచమ్మ.

"నువ్వు ఇక్కడుంటే, గంట అక్కడెలా మోగుతోంది?"

"బ్యారన్ గుమ్మంలో వదిలేశాను. నక్క కట్టుకుంది."

మాచమ్మ వెనక్కి తిరిగి పిల్లల్ని ఒక్కొక్కరినీ వాసన చూసింది. ఇద్దరూ ఉన్నారు. అప్పుడు వాళ్ళని పొట్ట కిందికి లాక్కుంది.

"స్వామి చూశాడు," అంది.

"చూశాడు," అన్నాడు సింగరాయుడు.

జంబన్న ఏ పొదలో దూరినా గంట పట్టిచ్చింది. చివరికి బ్యారన్ తలుపు బాదాడు.

"ముడి విప్పవే, నీకు పుణ్యముంటుంది!"

"కర్రి మీ వెనకే ఉంది బావగారూ. మా అందరినీ దాని నోట పడేస్తారా ఏం? అటు పోండి," అని గుడ్లగూబ గడియ బిగించింది.

ఆ తర్వాత జంబన్న వస్తున్నాడని కుందేళ్ళకి అర మైలు ముందే తెలిసేది. అవి పరుగెత్తేవి కూడా కాదు, నడిచి పక్కకి తప్పుకునేవి. అతను రేగుపళ్ళు ఏరుకుని బతికాడని చెబుతారు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే మాచమ్మ పిల్లలకి పాలిచ్చింది. అంకయ్య వలలో సందు కుట్టి, రాత్రి గట్టు మీదే ఆగిపోయిన మందని పక్క చేలోకి మార్చడానికి అదిలించాడు. గంట లేదు గనక ఏ గొర్రే కదలలేదు. సింగరాయుడు నాలుగు అడుగులు వేసి వెనక్కి చూశాడు. మాచమ్మ పిల్లలిద్దరినీ లేపి, అతని వెనక నడవడం మొదలుపెట్టింది. మిగతావి ఆమె వెనక నడిచాయి.

సరదా తీరిందని తనకు తాను ఒప్పుకుని ఆటలోంచి పెందలాడే లేచి వచ్చినవాడికే ఇల్లు దక్కుతుంది.