ఎర్నమ్మ పిండిముద్ద

అనగా అనగా, తాళానికి కదలని కార్లను నలుగురూ కలిసి తోసుకునే కాలంలో, కొండల కింద ఒక షెడ్డు ఉండేది. అందులో మెకానిక్కు గవరయ్య. పక్క పాకలో ఎర్నమ్మ పూరీలు, కజ్జికాయలు అమ్ముకునేది. ఇంజన్ల సంగతిలో ఆవిడకు ఓనమాలు కూడా తెలియవు. అయినా షెడ్డులోకి తొంగిచూడందే ఆవిడకు తోచదు.

కొండమీది ఊళ్ళన్నిటికీ ఒకటే కారు, బంగారయ్యది. పురుడొచ్చినా పాము కరిచినా అదే దిక్కు. దాని ఇంజను చెడింది. గవరయ్య విప్పాడు. వాల్వులుండే పైమూత వంకరపోయిందని దాని అడుగు చెక్కించి, మళ్ళీ బిగించాడు.

"లోపల సూసినావేటి నాయినా?" అంది ఎర్నమ్మ.

"మూతేసాక ఏటి కనిపిస్తాదత్తా? సరిపోద్దిలే."

తాళం తిప్పి జోరు పెంచాడు. టక్! కిందికి దిగే వాల్వు, పైకి లేచే పిస్టన్ గుద్దుకున్నాయి. వాల్వు వంగిపోయింది.

కొత్త వాల్వు తెచ్చి బిగించాడు.

"లోపల సూసినావేటి నాయినా?"

"సరిపోద్దిలే అత్తా!"

టక్!

ఇక ఊరు మొత్తానికి ఒక్క వాల్వే మిగిలింది. అదీ వంగితే కారు పాత ఇనుము కిందికే. కొండమీద బంగారయ్య చెల్లెలికి నెలలు నిండాయి. అతను షెడ్డు గుమ్మంలో కూలబడ్డాడు. గవరయ్యకు భయమూ వేసింది, సిగ్గూ వేసింది. వెళ్ళి ఎర్నమ్మ పాకలో కూర్చున్నాడు.

ఆవిడ కజ్జికాయల చెక్కలో పిండి పెట్టి మూసింది, తెరిచింది. ఒక పక్క పిండి మరీ పలచనైంది. "మూత బాగా దిగిపోతంది," అని గొణిగింది.

గవరయ్య ఎగిరి గంతేశాడు. అడుగు చెక్కించిన తన మూత కూడా అలాగే దిగిపోయిందేమో! "అత్తా, ముద్ద ఒకటియ్యి!"

"ఊరికే ఇవ్వను. కారు కదిల్తే ముందు సీట్లో నానే కూకుంటాను. పుట్టి బుద్ధెరిగి కారెక్కనేదు."

మిగిలిన ఆ ఒక్క వాల్వూ మూతకు తొడిగి, పిస్టన్ నెత్తిన ముద్ద పెట్టాడు. అంటుకోకుండా పైన నూనె రాశాడు. మూత బిగించి, తాళం జోలికి పోకుండా, ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పాడు. విప్పి చూస్తే ముద్దలో వాల్వు అచ్చు! అక్కడ పిండి ఉల్లిపొరంత పలచన. జోరందుకుంటే తగలదా మరి! పిస్టన్లన్నిటికీ వాల్వు దిగే చోట గుంట చెక్కించి, మళ్ళీ ముద్ద పెట్టి చూశాడు. ఈసారి రూపాయి బిళ్ళను మించిన మందం ఉంది.

"లోపల సూసినావేటి నాయినా?"

"సూసినానత్తా!"

తాళం తిప్పాడు. టక్కు లేదు, టిక్కు లేదు. ఎర్నమ్మ కొంగు బిగించి ముందు సీట్లో కూర్చుంది. కొండెక్కే దారిలో మనుషులకే కాదు, మేకలకు కూడా చెయ్యి ఊపింది. తిరుగు ప్రయాణంలో అదే కారులో బంగారయ్య చెల్లెలు ఆసుపత్రికి దిగింది. పండంటి ఆడపిల్ల పుట్టింది.

ఎర్నమ్మ పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ లెక్క తెలియదు. ఆ వైపు షెడ్లలో మాత్రం ఇప్పటికీ పిండిముద్ద పెట్టి చూడందే తాళం తిప్పరు. బాగుచేసిన కారు మొదటిసారి రోడ్డెక్కేటప్పుడు ముందు సీటు ఖాళీగా వదిలి, అందులో ఒక కజ్జికాయ పెడతారు. తెలియక ఎవరైనా కూర్చోబోతే, "లెగు లెగు, అత్త కూకుంటాది," అంటారు.