ఉస్తాద్ జేబులోని బ్యాటరీ

సుంకన్నకు వచ్చిన చిక్కల్లా ఒకటే. కారులో సౌండు పెంచేకొద్దీ పాట మాయమైపోతోంది.

నంద్యాలలో లారీలు, కార్లు బాగుచేసే వీధి చివర జిలానీ ఉస్తాద్ రేకుల షెడ్డు ఉంది. కారులో పాట బాగా పలకాలంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే వస్తాయి. సుంకన్న పని నేర్చింది ఆ షెడ్డులోనే. నేర్చి, బెంగుళూరు పోయి ఒక పెద్ద అంగట్లో చేసి, మళ్లీ ఉస్తాద్ దగ్గరికే వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక కొత్త టూల్సు పెట్టె, నల్ల కళ్లద్దాలు, కాస్త గర్వమూ వెంట తెచ్చుకున్నాడు. చెయ్యి మాత్రం మంచిది, ఆ మాట కాదనకూడదు.

డోన్‌లో సొంత అంగడి పెట్టుకోవాలని అతని ఆశ. ఆ వీధిలో ఒక రివాజు ఉంది. ఉస్తాద్ నోట 'పోయి పెట్టుకో' అనే మాట రాందే శిష్యుడు బోర్డు కట్టడు. కడితే ఎవరూ కాదనరు, కొట్టరు, తిట్టరు. బండి తీసుకుని రారు, అంతే.

అందుకే ఒక రోజు టీ తాగేటప్పుడు మెల్లగా కదిపాడు. "ఉస్తాద్, నేను డోన్ పోదామని చూస్తాండా."

ఉస్తాద్ రేకు డబ్బాలో మరలు ఏరుకుంటూ, "శుక్రవారం వేదవతమ్మ గారి బండి వస్తాది. అది నువ్వే చెయ్యి. ఆ తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

వేదవతమ్మ గారు హరికథలు చెబుతారు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి నిలబడితే, వెనక వరసలో కునికేవాడు కూడా లేచి కూర్చోవలసిందే. ఏ ఊళ్లో కథ ఉన్నా తన పాత తెల్ల కారు తానే నడుపుకుంటూ పోతారు. దారిపొడవునా పాఠం నెమరేసుకోవడం ఆవిడకు అలవాటు.

ఆవిడ బండి దిగీ దిగగానే క్యాసెట్టు చూపించారు.

"ఇది మా గురువుగారు పాడిన మంగళం నాయనా. ఎన్ని కథలు నేర్పినా ఇదొక్కటి నేర్పలేదు. 'నేను పోయాక పాడుకోవే' అని నవ్వేవారు. ఈ క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా లేదు. క్యాసెట్టు పాడేది ఈ కారులోని కంపెనీ సెట్టు ఒక్కటే. ఇంట్లోది ఎప్పుడో మూలపడింది."

"మరి ఇబ్బంది ఏముందమ్మా?"

"చివర్న ఆయన మంద్రంలోకి దిగుతారు. లోగొంతుతో ఒక్క మాట అంటారు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి స్పీకర్లు గరగరమంటున్నాయి. 'నా పలుకు నీదే' అనేవరకు వినిపిస్తుంది. ఆ తర్వాత ఏమన్నారో తెలియదు. ఆదివారం ఆళ్లగడ్డలో ఆయన ఆరాధన. మంగళం పాడాల్సింది నేను."

సుంకన్న తలుపు మీద వేలితో తట్టి చూశాడు. "కంపెనీ సెట్లు ఇంతేనమ్మా. ఇది పీకేసి టచ్ స్క్రీన్ పెడతా, సినిమా కూడా చూసుకోవచ్చు."

"క్యాసెట్టు ఎక్కడ పెట్టమంటావు, నీ నోట్లోనా?"

ఉస్తాద్ అటు తిరిగి నవ్వుకున్నాడు.

సరే, సెట్టు అట్లాగే ఉంచి తలుపుల్లో స్పీకర్లు మార్చడానికి ఒప్పందమైంది. సుంకన్న తలుపు అట్టలు విప్పాడు. లోపల ఖాళీ రేకు డబ్బాలా మోగకుండా మందపాటి నల్ల షీటు అంటించాడు. మంచి స్పీకర్లు తెచ్చి పెట్టాడు. చక్కటి పని. పెళ్లికూతురికి చీర కుచ్చిళ్లు సర్దినట్టు తీగలన్నీ ఒద్దికగా కట్టాడు.

మరలు బిగించబోతుంటే ఉస్తాద్ జేబులోంచి పెన్సిల్ బ్యాటరీ తీసి చెయ్యి చాపాడు.

ఆ బ్యాటరీ సంగతి చెప్పాలి. గడియారాల్లో వేసే మామూలు బ్యాటరీయే. స్పీకరు బిగించే ముందు ఉస్తాద్ దాన్ని స్పీకరు తీగలకు అలా ముట్టిస్తాడు. టప్‌మంటుంది. స్పీకరు నడుమ ఉండే నల్ల కాగితపు గిన్నె ముందుకు ఉబికిందా, వెనక్కి గుంజుకుందా అని చూస్తాడు. చూశాకే మర తిప్పుతాడు. ఆ షెడ్డులో పని నేర్చిన ప్రతివాడికీ మొదటి పాఠం అదే.

"ఇంకా ఇదేంది ఉస్తాద్," అన్నాడు సుంకన్న. "బెంగుళూరులో ఎవరూ చెయ్యరు. తీగ రంగు చూసి కలిపేయడమే. రంగులేసిన కంపెనీవాడు పిచ్చోడా?"

ఉస్తాద్ బ్యాటరీ మళ్లీ జేబులో వేసుకుని జుమ్మా నమాజుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం వేదవతమ్మ గారు వచ్చి కూర్చుని విన్నారు. గరగర పోయింది. చిడతలు కణకణమన్నాయి. కానీ గొంతు ఒక చోట నిలవడం లేదు. ఆ చెవి దగ్గర కాస్త, ఈ చెవి దగ్గర కాస్త. మంద్రం దగ్గరికి వచ్చేసరికి, ఇసుకలో పోసిన నీళ్లలా మొత్తం ఇంకిపోయింది.

"చిడతలు బ్రహ్మాండంగా ఉన్నాయి నాయనా," అన్నారావిడ. "గురువుగారే లేరు."

"బలం చాల్లేదమ్మా. రేపటికి చూడండి."

శనివారం పొద్దున్నే సుంకన్న సీటు కింద యాంప్లిఫయరు పెట్టాడు. సౌండు పెంచితే కిటికీ అద్దాలు వణికాయి. ఎదురుగా టైర్ల అంగడి మద్దిలేటి చేతిలో సుత్తి ఆపి కేకేశాడు. "ఏమప్పా సుంకన్నా, లోపల కందిరీగల్ని పెట్టి తలుపేసినావా?"

సుంకన్న సౌండు ఇంకా పెంచాడు. తగ్గించాడు. ఆ మీటా ఈ మీటా తిప్పాడు. ఎంత తిప్పినా 'నా పలుకు నీదే' దాకా పల్చగా వస్తుంది, ఆ తర్వాత గొంతు నేలలోకి దిగిపోతుంది. మధ్యాహ్నం దాటేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఆవిడ వచ్చే వేళయింది. డోన్ అంగడి కూడా ఆ గొంతుతో పాటే దిగిపోతున్నట్టు అనిపించింది అతనికి.

చివరికి ఒక కారణం దొరికింది. చేతకానప్పుడు మనిషికి అవి ఇట్టే దొరుకుతాయి.

"క్యాసెట్టే అరిగిపోయింది ఉస్తాద్. ఆ పెద్దాయన ఏం పాడినాడో ఏమో, అందులోనే లేదు. అమ్మగారికి అదే చెప్పేస్తా."

"చెప్పు," అన్నాడు ఉస్తాద్. "ముందు బండి బయటికి తోద్దాం. జీపు లోపలికి రావాల."

సుంకన్న వెనక్కి పోయి డిక్కీకి రెండు చేతులూ ఆనించి తోశాడు. బండి కదల్లేదు. లోపలికి వంగి చూశాడు. గేరులో లేదు. హ్యాండ్‌బ్రేకు దించే ఉంది. మళ్లీ పోయి, కాళ్లు నేలకు తన్నిపట్టి, భుజం ఆనించి తోశాడు. బండి కొద్దిగా ఊగింది, అక్కడే నిలబడింది.

చెమట తుడుచుకుంటూ తలెత్తాడు. ఉస్తాద్ బండి ముందు ఉన్నాడు. షెడ్డు వాకిలి గుంజకు ఒక కాలు తన్నిపెట్టి, బానెట్టుకు భుజం ఆనించి, పళ్లు బిగించి ఇటువైపుకు తోస్తున్నాడు.

"మీరు అటునుంచి తోస్తాంటే ఇది యాడ కదులుతాది ఉస్తాద్?"

"నేనూ తోస్తాండా. నువ్వూ తోస్తాండావు. బలం చాల్లేదేమో."

అంతే అన్నాడు. చేతులు దులుపుకున్నాడు. పనిచొక్కా విప్పి మేకుకు తగిలించి, నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాడు.

సుంకన్న డిక్కీ మీద చేతులు అలాగే ఉంచి నిలబడిపోయాడు. కారు ముందువైపు చూశాడు. వెనకవైపు చూశాడు. తర్వాత ఎడమ తలుపు చూశాడు, కుడి తలుపు చూశాడు.

మెల్లగా మేకు దగ్గరికి పోయి ఉస్తాద్ చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

రెండు తలుపులకూ అట్టలు విప్పి, సెట్టు దగ్గర్నుంచి వచ్చే తీగల కొసలు పైకి లాగాడు. ఎడమ తలుపుకు బ్యాటరీ ముట్టించాడు. టప్. నల్ల గిన్నె ముందుకు ఉబికింది.

కుడి తలుపుకు ముట్టించాడు. టప్. గిన్నె వెనక్కి గుంజుకుంది.

నమ్మలేక మళ్లీ ముట్టించాడు. మళ్లీ వెనక్కే పోయింది. ఒక స్పీకరు గొంతును ముందుకు తోస్తుంటే, ఇంకోటి వెనక్కి లాగేస్తోంది. కుడి తలుపు లోపల, లోతుగా చెయ్యి పెట్టి తడిమితే పాత టేపు చుట్టిన అతుకు తగిలింది. ఎప్పుడో ఎవరో రిపేరు చేస్తూ ఒక రంగు తీగను ఇంకో రంగు తీగకు ముడేసి పోయారు. కంపెనీవాడు రంగులు సరిగ్గానే వేశాడు. ఈ తలుపు తెరిచింది తానొక్కడే అనుకోవడమే సుంకన్న చేసిన తప్పు.

అతుకు విప్పి, తీగలు అటుదిటు ఇటుదటు కలిపి, మళ్లీ బ్యాటరీ పెట్టాడు. రెండూ ముందుకే వచ్చాయి. అప్పుడు మరలు బిగించాడు. సీటు కిందికి వంగి యాంప్లిఫయరు కూడా తీసి పక్కన పెట్టాడు.

ఉస్తాద్ నమాజు ముగించుకుని వచ్చేసరికి వేదవతమ్మ గారు కారులో కూర్చుని ఉన్నారు. సుంకన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. నల్ల కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు.

"సౌండు ఎక్కువ పెట్టొద్దమ్మా," అన్నాడు. "కొంచెం చాలు."

ఆవిడ మీట నొక్కారు.

మొదట చిడతలు మోగాయి. ఆ తర్వాత గొంతు వచ్చింది. ఆ చెవి నుంచీ కాదు, ఈ చెవి నుంచీ కాదు. ముందు అద్దం నడుమ ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుని పాడుతున్నట్టే ఉంది. ఊపిరి తీసుకోవడం వినపడింది. పెదవి తడుపుకోవడం వినపడింది. గొంతు మెట్టు మెట్టుగా కిందికి దిగింది. 'నా పలుకు నీదే' అన్నది. ఇంకా కిందికి, బావి లోపలి చల్లదనంలోకి దిగింది.

'నా మౌనము నీదే.'

ఆవిడ క్యాసెట్టు ఆపేశారు. కళ్లు మూసుకుని తానే ఎత్తుకున్నారు. మంగళం మొదటి నుంచీ పాడి, చివర మంద్రంలోకి దిగి, ఆ మాట దగ్గర గురువుగారు నిలిచినంతసేపూ నిలిచారు. మద్దిలేటి సుత్తి కింద పెట్టి రోడ్డు దాటి వచ్చాడు. జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు. వీధి వీధంతా ఆ పాత తెల్ల కారు చుట్టూ చేరింది.

పాట అయ్యాక ఆవిడ కళ్లు తుడుచుకుని సుంకన్న వైపు చూశారు.

"రేపు ఆళ్లగడ్డలో నా వెనక ఆయన ఉంటారు నాయనా." ఉస్తాద్ వైపు తిరిగారు. "మీ శిష్యుడు గట్టివాడే సాహెబ్ గారూ."

"శిష్యుడెక్కడమ్మా," అన్నాడు ఉస్తాద్. "డోన్‌లో అంగడి పెడతాండాడు. మీ వాళ్లెవరన్నా ఉంటే ఆ పక్కకు పంపండి."

మద్దిలేటి సుంకన్న వీపు మీద ఒక్కటి చరిచాడు. "కందిరీగలు యాడికి పోయినాయప్పా?" అని పకపకా నవ్వాడు. ఈసారి సుంకన్న కూడా నవ్వాడు.

కారు మలుపు తిరిగేదాకా చూసి, సుంకన్న బ్యాటరీ తీసి ఉస్తాద్‌కు ఇవ్వబోయాడు. ఉస్తాద్ దాన్ని తీసుకుని, సుంకన్న చొక్కా జేబులో వేసి, పైన ఒకసారి తట్టాడు.

"ఉస్తాద్," అన్నాడు సుంకన్న. "తీగ తిరగబడిందని నిన్న పాట వినగానే మీకు తెలుసు. ఒక్క మాట చెప్పుంటే అప్పుడే అయిపోయేది కదా."

ఉస్తాద్ మళ్లీ మరల డబ్బా ముందు కూర్చున్నాడు.

"చెప్పుంటే ఈ ఒక్క బండే పాడేది."