మూడు మూరల తెల్లగులాబీ

ఒకానొక రాజ్యంలో రాజధాని మొత్తం ఒక్క కొండబండ మీదే ఉండేది. దాని పేరు గండశిల. కోటగోడల లోపల చోటు తక్కువ, జనం ఎక్కువ. ఇళ్ళు భుజం భుజం రాసుకుని నిలబడేవి. నాలుగు మూరల పెరడున్నవాడిని అక్కడ శ్రీమంతుడి కింద జమకట్టేవారు.

ఆ ఊళ్ళో మగ్గాల సందు అని ఒకటుంది. అందులో ఇరవై రెండు గడపలు, అందరూ నేతపనివాళ్ళే. ఆ సందులో అచ్చక్క అనే ఆవిడ కుండలో ఒక తెల్లగులాబీని పెంచింది. మొక్క మూరెడు ఎత్తే. కానీ గుబురుగా, గుండ్రంగా ఉండి, పూసిందంటే ఆకు కనపడనిచ్చేది కాదు. ఆవిడ దాని కొమ్మలు అంటుకట్టి ఇంటింటికీ ఒకటి పంచింది. పొద్దుటి ఎండ ఎక్కడ పడితే అక్కడికి కుండను జరపడం, ఆకు తడవకుండా మొదట్లోనే నీళ్ళు పోయడం అందరికీ నేర్పింది. ఏడాది తిరిగేసరికి సందంతా తెల్లబడింది.

ఆ రాజ్యాన్ని ఏలేవాడు మానభూషణ మహారాజు. మనిషి పొట్టి. ఆ మాట రాజ్యంలో ఎవరూ పైకి అనరు. ఆయన సింహాసనానికి ఏడు మెట్లు, కిరీటం మూరెడు. ఎప్పుడు బయటికి వచ్చినా ఏనుగు మీదే.

రాజోద్యానంలోనూ తెల్లగులాబీలు ఉన్నాయి. వాటిని చూసేవాడు వృక్షవిశారద భైరవభట్టు. ఎనిమిది అడుగులు పెరిగిన ఆ చెట్లకు మొత్తం మూడు పూలు. ఒకనాడు మహారాణి కొప్పులో తెల్లగులాబీల చెండు చూసి మహారాజు, "ఇవి మన తోటవేనా?" అన్నాడు. "కాదు ప్రభూ, మగ్గాల సందువి" అన్నది రాణి. మహారాజు మొహం మాడిపోయింది. వెంటనే బయలుదేరాడు.

సందు ఇరుకు. ఏనుగు పట్టలేదు. మహారాజు దిగి నడవవలసి వచ్చింది. అచ్చక్క గుమ్మం ముందు నేలమీద ఉన్న కుండ దగ్గర ఆగి, వాసన చూద్దామని వంగాడు. కిరీటం జారి దొర్లుకుంటూ పోయి మురుగు కాలవలో పడింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

మహారాజు నిటారుగా నిలబడ్డాడు. "సాలె ఇంటి గుమ్మం ముందు మా తల వంచిన మొక్క ఇది! వినండి. నేటికి మండలం, అంటే నలభై ఒక్క రోజుల్లో ఈ మొక్కల పువ్వు మా నాసిక ఎత్తుకు రావాలి. మేము నిలబడి, తల వంచకుండా ఆఘ్రాణించాలి. రాలేదా, ఈ సందు కూల్చి రాజోద్యానంలో కలిపేస్తాం."

అప్పుడు మహారాజు వెనకనుంచి ఒకడు ముందుకొచ్చాడు. పేరు ముద్దన. కొలువులో హాస్యగాడు. పుట్టింది మాత్రం ఈ సందులోనే.

"ఆహా! ఎంత గొప్ప ఆజ్ఞ! ఇందులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే మహాపరాధం కాదా ప్రభూ? ప్రభువులు పలికింది పలికినట్టు రాయించి ముద్ర వేయించండి" అన్నాడు.

మహారాజు పొంగిపోయాడు. రాయసగాడు రాశాడు, ముద్ర పడింది.

రాజు వెళ్ళిపోగానే అచ్చక్క గుమ్మంలో కూలబడింది. "నాశనం చేశావు తమ్ముడూ! నోటిమాటైతే రేపు మరిచిపోయేవాడేమో. ముద్ర కూడా వేయించావు. ఇది పొట్టి జాతి. నూరేళ్ళు పోసి పెంచినా మోకాలు దాటదు."

"అక్కా, పూసిన కొమ్మ కత్తిరిస్తే మళ్ళీ పూతకు ఎన్నాళ్ళు పడుతుంది?"

"నలభై రోజులకు అటూ ఇటూ."

"అయితే ఇవాళే అన్నీ కత్తిరించండి."

"ఎత్తు పెరగాలంటే, ఉన్నది కత్తిరించమంటావేమిటి?"

"ఎత్తు సంగతి నాకు వదిలెయ్. ఆ రోజుకు పూత తప్పకుండా చూసుకో. అది నావల్ల అయ్యే పని కాదు" అన్నాడు ముద్దన.

ఆ సాయంత్రం ఇరవై రెండు మొక్కల కొమ్మలు తెగిపడ్డాయి. తెల్లగా ఉన్న సందు ఒక్కపూటలో మోడులు మిగిలిన బీడులా అయింది. చంటిపిల్లల తల్లులు అచ్చక్కను చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ ఎవరి మొహమూ చూడలేకపోయింది. అంట్లు పంచింది తనే కదా.

పదో రోజున మహారాజు పంపగా భైరవభట్టు కొలకర్ర పట్టుకుని దిగాడు. "కింది కొమ్మలన్నీ చెక్కెయ్. చేపల ఎరువు దట్టంగా వెయ్. అప్పుడు చెట్టు ఆకాశానికి లేస్తుంది" అని హుకుం చేశాడు.

కాదంటే రాజద్రోహం, ఔనంటే మొక్క చస్తుంది. అచ్చక్క ఒక్క కుండను ముందుకు జరిపి, "ముందు దీనికి చేసి చూస్తాను స్వామీ" అన్నది. వారం తిరగకుండా ఆ మొక్క ఆకులు అంచులు మాడి రాలిపోయాయి. మిగతా ఇరవై ఒకటీ మాత్రం ఎర్రని చిగుళ్ళు వేశాయి. ఆవిడ రోజూ ఒక్కో ఆకూ తిప్పి చూసేది. పేను పట్టిందా, మచ్చ పడిందా, మొగ్గ వచ్చిందా. నేతకు కూర్చుంటే చెయ్యి ఆడేది కాదు.

ఇక ముద్దన తంటాలు ముద్దనవి. మహారాజు ముక్కు నేలకు ఎంత ఎత్తులో ఉంటుంది? ఆ రోజు సందులో కాసేపు నిలబడితే చూశారు కానీ, ఆయన్ని కొలిచిన వాడెవడు? చివరికి రాజుగారి దర్జీ కాళ్ళు పట్టుకున్నాడు.

దర్జీ నాలుగు పక్కలా చూసి చెవిలో ఊదాడు. "మూడు మూరలు. ఈ సంగతి నీ నోటివెంట పొక్కిందో, ముందు తెగేది నా మెడ."

మర్నాటినుంచీ మగ్గాల సందులో గోడల వెంట మట్టి అరుగులు లేచాయి. "ఎందుకివి?" అని భట్టు గుచ్చి అడిగితే, "మహారాజు దారిన నడుస్తుంటే జనం అడ్డం రాకుండా వీటి మీద నిలబడాలి కదండీ" అన్నాడు ముద్దన. భట్టు ఒప్పుకుని వెళ్ళాడు.

ముప్పై తొమ్మిదో నాటికి మొగ్గలు తెల్లని మొనలు చూపించాయి. అచ్చక్కకు ఆశ పుట్టింది. మర్నాడు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. తెల్ల రేకు మీద వాన పడితే మచ్చలు తేలి, మొగ్గ విచ్చకుండానే కుళ్ళిపోతుంది.

"తీసుకురండి! ఏముంటే అవి తీసుకురండి!" అని అరిచింది.

జనం ఇళ్ళలోకి పరుగెత్తారు. సంతకు పంపవలసిన కొత్త పంచెలు, అప్పుడే మగ్గం దిగిన చీరలు అన్నీ తెచ్చి ఈ గోడనుంచి ఆ గోడకు పందిరిలా కట్టారు. వాన కుండపోతగా పడింది. బట్టలు తడిసి బరువెక్కి కిందికి దిగుతుంటే, ముసలీ ముతకా చేతులెత్తి పట్టుకుని నిలబడ్డారు. వాన వెలిసేసరికి ఎవరి చేతులూ వాళ్ళ మాట వినలేదు.

నలభై ఒకటో రోజు పొద్దున్నే భేరీలు మోగాయి. మహారాజు సందులో అడుగుపెట్టి ఆగిపోయాడు. రెండు వైపులా అరుగుల మీద కుండలు, కుండల్లో గుబురు మొక్కలు, వాటి నిండా తెల్లని పూలు. సరిగ్గా ఆయన ముక్కు ముందు ఒక పువ్వు. తల వంచలేదు. కిరీటం కదలలేదు. గుండెనిండా వాసన పీల్చాడు.

"మోసం ప్రభూ!" అంటూ భట్టు కొలకర్రతో దూకాడు. "మొక్క మూరెడే! మిగతా ఎత్తు కుండది, అరుగుది! ఇది దాని సొంత ఎత్తు కాదు!"

మహారాజు కళ్ళు ఎర్రబడ్డాయి. కూల్చే మనుషులు గునపాలతో సందు మొదట్లో సిద్ధంగా ఉన్నారు. అచ్చక్క గోడకు ఆనుకుంది.

ముద్దన రాయసగాడి వైపు తిరిగి, "ఆజ్ఞ చదవండి" అన్నాడు. రాయసగాడు చదివాడు. "ఈ మొక్కల పువ్వు మా నాసిక ఎత్తుకు రావాలి."

"పువ్వు వచ్చింది ప్రభూ. మొక్క ఎంత పెరగాలో మీరు సెలవివ్వలేదు."

"మాటల గారడీ!" అన్నాడు భట్టు. "కింద ఉన్న పీఠం తీసేసి కొలవాలి. అదే శాస్త్రం!"

"అలాగే" అన్నాడు ముద్దన చేతులు కట్టుకుని. "దేని ఎత్తైనా, ఎవరి ఎత్తైనా కింది పీఠం తీసేసి కొలవాలి, అంతేనా? అయితే ఇదీ రాయించి ముద్ర వేయించండి ప్రభూ. కానీ శాస్త్రమన్నాక అందరికీ ఒకటే కదా. ఆ కొలత మొదలుపెట్టేది ఈ సందులోనా, ఏడు మెట్లున్న చోటా? భట్టుగారి చేతిలో కర్ర సిద్ధంగానే ఉంది."

మహారాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. మెల్లగా భట్టు వైపు తిరిగాడు. భట్టుకు అప్పుడు వెలిగింది. ఆ కొలకర్రను గబగబా వీపు వెనక్కి దాచబోయాడు. అది ఆయనకన్నా పొడుగు. తల వెనకనుంచి జెండాకర్రలా పైకి పొడుచుకొచ్చింది.

మహారాజు మీసం అదిరింది. పెదవి బిగించాడు. ఆగలేదు. ఫక్కున నవ్వాడు. నవ్వీ నవ్వీ కిరీటం తనే తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గెలిచావురా ముద్దనా! ఎక్కడుంచితే అక్కడ పూసింది, అది చాలు. ఈ సందు జోలికి రాజవంశం ఏనాడూ రాకూడదని శాసనం రాయండి" అని, తన చేతి కడియం తీసి ముద్దనకు తొడిగాడు. తర్వాత అచ్చక్కను అడిగాడు. "నీకేం కావాలమ్మా?"

ఆవిడ గోడ వదిలి ముందుకొచ్చింది. "భట్టుగారిని మళ్ళీ మా మొక్కల దగ్గరికి పంపకండి ప్రభూ. అంతకన్నా ఏమీ వద్దు."

మహారాజు మరోసారి నవ్వాడు. తడిసి పాడైన బట్టలకు బదులు సందంతటికీ కోట కొట్టునుంచి నూలు ఇప్పించాడు. రాజోద్యానానికి కూడా నాలుగు అంట్లు అడిగి పట్టుకెళ్ళాడు.

భేరీల చప్పుడు దూరమయ్యాక ముద్దన ఉన్నచోటనే చతికిలపడ్డాడు. "అక్కా, కాసిని నీళ్ళు" అన్నాడు. చెంబు అందుకున్న చేతులు వణికి సగం నీళ్ళు ఒలికిపోయాయి.

"అదేమిటి తమ్ముడూ! అంత ధైర్యంగా మాట్లాడావే?" అన్నది అచ్చక్క.

"ధైర్యమా?" అన్నాడు ముద్దన. "నాలుక ముందు పరుగెత్తింది అక్కా. ప్రాణం ఇంకా వెనకాల వస్తోంది."