ఒక్క బస్తా ఎక్కువ

కొన్నాళ్ళుగా హుసేన్ పీరాకు సంగటి ముద్ద గొంతు దిగడం లేదు. కారణం ఫక్రుద్దీన్.

ఫకీరు నూరుల్లా షా శిష్యులతో ఉండే తకియాలో మధ్యాహ్నం ఎవరొచ్చినా అన్నం పెడతారు. అందుకు కావలసిన జొన్నలు శిష్యులు ఊరూరా తిరిగి అడిగి తేవాలి. పదేళ్ళుగా ఆ పని పీరాదే. నిన్నగాక మొన్న వచ్చిన ఫక్రుద్దీన్ వెళ్ళిన ప్రతి ఊరినుంచీ బండి నింపుకొస్తున్నాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని వంటవాళ్ళు నవ్వితే పీరాకు కడుపు మండేది. రోజూ సాయంత్రం అవతలివాడి బస్తాలు చూశాకే తనవి దించుకునేవాడు.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. అన్నానికొచ్చేవాళ్ళు పెరిగారు. పంట చేతికొచ్చేదాకా పొయ్యి ఆరకూడదు, ఎవరెంత తేగలరో చెప్పండని నూరుల్లా బాబా ఇద్దరినీ అడిగాడు. ఫక్రుద్దీన్ కాసేపు ఆలోచించి నలభై బస్తాలన్నాడు.

"నావి నలభై ఒకటి" అన్నాడు పీరా వెంటనే.

"ఆ ఒక్కటీ ఎందుకు బేటా?" అని అడిగాడు బాబా.

 

మర్నాడు పొద్దున బాబా ఇద్దరి ముందూ మోదుగాకులు పోయించి, ఆ పూటకు విస్తళ్ళు కుట్టమన్నాడు. ఎన్ని కుట్టాలని పీరా అడిగితే, నీకు తోచినన్ని అన్నాడు. పీరా ఓరకంట ఫక్రుద్దీన్ వైపు చూస్తూ కుట్టాడు. అతను అరవై కుట్టి లేచాడు. పీరా ఇంకొకటి కుట్టి, తృప్తిగా నడుం విరుచుకున్నాడు.

మధ్యాహ్నం వడ్డించే గరిటె బాబా పీరా చేతికిచ్చాడు. బంతి సాగుతుండగానే విస్తళ్ళు అయిపోయాయి. డేగిసాలో సంగటి ఇంకా ఉంది. జనమూ ఇంకా నిలబడే ఉన్నారు. ముందున్న ముసలామె కాసేపు చూసి, చిరుగుల కొంగు రెండు చేతులా చాపింది. పొగలు కక్కుతున్న సంగటి అందులో ఎలా వెయ్యాలో పీరాకు తెలియలేదు.

బాబా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఫక్రుద్దీన్ కంటే ఒకటి ఎక్కువే కుట్టావు కదా బేటా. ఆ మాట ఆమెకు చెప్పు."

పీరా తల వాలిపోయింది. గరిటె పక్కన పెట్టి, మిగిలిన ఆకులు ముందుకు లాక్కుని నేలమీద కూర్చున్నాడు.

"ఫక్రూ" అని పిలిచాడు. "వాకిట్లో ఇంకా ఎంతమంది ఉన్నారో చూసి చెప్పు."