అయిదు చెంబుల మజ్జిగ

కొండవాక రాజు విజయభానుడికి తన రాజ్యంలో ఒకే ఒక్కదాని గురించి మహా గొప్ప. అది దారుల పటం. గది నిండా పరిచేంత గుడ్డ మీద బండిదారులు, రేవులు, మంచినీళ్ళ బావులు అన్నీ గీయించాడు. కావాల్సినవాళ్ళు ఊరికే నకలు గీసుకుపోవచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా వచ్చి చెప్పొచ్చు. అలా బండివాళ్ళూ గొర్రెలకాపరులూ చెప్పగా చెప్పగా తయారైన పటం అది.

చెప్పింది పటంలోకి ఎక్కాలా వద్దా అని తేల్చేది మాత్రం పటాధికారి విరూపాక్షయ్య. తనొక్కడే కాదనీ, తనతో కలిపి అయిదుగురు పెద్దలున్నారనీ, తెల్లారకముందే వచ్చి లోపల కూర్చుంటారనీ అనేవాడు. ఆ పెద్దల పేర్లు అడగకూడదు. ఎందుకు కాదన్నారో అడగకూడదు. సభ నడుస్తుండగా బయటివాళ్ళు తలుపు తియ్యకూడదు. మూడు గడియలు నిండందే సభ ముగియకూడదు. ఇవన్నీ కట్టడిగా రాసి, రాజుగారు వేటకి వెళ్ళే తొందరలో ఉండగా చూసి ముద్ర వేయించుకున్నాడు.

ఉప్పుబండి తోలే దాలయ్య మూడుసార్లు ఆ సభకి మొరపెట్టుకున్నాడు. పటంలో గీసిన, బండ్లు ఏరు దాటే ఒక రేవు దగ్గర కిందటేడు వానలకి ఇసక కోసుకుపోయి మడుగు పడింది. అతని అన్న ఎడ్లజత అక్కడే కొట్టుకుపోయింది. కాస్త ఎగువన రాతిబాట ఉంది, అది గీయండి బాబూ అని అడిగాడు. మూడుసార్లూ ఒకటే జవాబు, పెద్దలు ఒప్పుకోలేదని. ఇంతకీ ఆ రేవు పేరు విరూపాక్ష రేవు.

ఎల్లుండి నలభై ఉప్పుబండ్లు బయలుదేరుతున్నాయి. తోలేవాళ్ళంతా పరాయి ఊరివాళ్ళు, చేతుల్లో ఆ పటం నకళ్ళే. కొండల మీద మబ్బు పట్టింది. దాలయ్య ఇక ఆగలేక కొలువులోకొచ్చి రాజుగారి ముందు కూలబడ్డాడు.

రాజు చిక్కులో పడ్డాడు. తన ముద్రను తనే కాదంటే రేపు దాన్ని లెక్కచేసేదెవరు?

"తలుపు తియ్యకుండా లోపల ఎవరేం తేలుస్తున్నారో చూపించగలవాళ్ళున్నారా?" అని అడిగాడు.

మజ్జిగ పోసే గవరమ్మ, ఎన్నడూ నోరు విప్పని మనిషి, కుండ కిందకి దించింది.

"నాకు అయిదు చెంబులిప్పించండి మహారాజా. తలుపు జోలికి పోను."

విరూపాక్షయ్య నవ్వాడు. "మజ్జిగ పోసేదానివి, పటం గురించి నీకేం తెలుసే?"

"పటం తెలీదు అయ్యగారూ. దాహం తెలుసు."

ఇన్నాళ్ళూ లోపలికి ఒక్క చెంబే వెళ్ళేదనీ, ఈ ఉక్కలో మిగతా నలుగురు పెద్దలు గొంతెండి కూర్చుంటే రాజుగారికే తలవంపులనీ మెల్లిగా చెప్పింది. రాజుకి సంగతి సగం అర్థమైంది. ఇకనుంచి ప్రతి పెద్దకీ మజ్జిగ ఇవ్వాలనీ, ఖాళీ చెంబులు తిరిగి రావాలనీ ఆజ్ఞ ఇచ్చాడు. కాదంటే బాగుండదని విరూపాక్షయ్య తలూపి, ఆనాటి సభకి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

తలుపు పక్కన చిన్న కిటికీ ఉంది. రాజూ కొలువూ చూస్తుండగా గవరమ్మ అందులోంచి అయిదు చెంబులు అందించింది. ఖాళీగా వచ్చాయి. మళ్ళీ నింపి అందించింది. ఈసారి కాస్త ఆలస్యంగా వచ్చాయి.

పారబోస్తున్నాడేమో అత్తా అని దాలయ్య గొణిగాడు. ఎక్కడ పోస్తాడురా, నేలంతా పటమే పరిచి ఉంటే, అంది గవరమ్మ. మూడోసారీ నింపింది.

"పెద్దలు చాలంటున్నారు," అని లోపల్నించి సన్నగా వినిపించింది.

"ఎవరెవరికి చాలో పేర్లు చెప్పండి అయ్యగారూ, వాళ్ళ చెంబులు మానేస్తాను."

పేర్లు చెప్పకూడదు కదా. కట్టడి తనదే. చెంబులు లోపలికి పోయాయి.

మొదటి గడియ గంట కొట్టారు. లోపల అటూ ఇటూ అడుగుల చప్పుడు మొదలైంది. గవరమ్మ నాలుగోసారి నింపుతుండగా తలుపు లోపల్నించే భళ్ళున తెరుచుకుంది. విరూపాక్షయ్య పంచె ఎగ్గట్టి, ఎదురుగా ఉన్న రాజుని కూడా చూడకుండా, పెరటి వైపు పరుగో పరుగు.

గవరమ్మ చెంబు కింద పెట్టింది.

"అయిదుగురు తాగారు మహారాజా. పరుగెత్తింది మాత్రం ఒక్కరే."

కొలువు గొల్లున నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి తొంగిచూశాడు. ఒక్క పీట నిగనిగలాడుతోంది. నాలుగు పీటల మీద వేలెడు దుమ్ము.

"ఆ రాతిబాట ఇప్పుడే గీయిస్తాను. నా మాటగా గీయండి," అన్నాడు రాజు.

గవరమ్మ తల వంచుకుంది.

"అదీ ఒక్క చెంబే అవుతుంది ప్రభూ."

తనదీ ఒక్కడి మాటే అని రాజుకి తట్టింది. తర్వాత పటాన్ని ముంగిట్లో పరిపించి, బండివాళ్ళనీ కాపరులనీ పిలిపించి దాలయ్య మాట అందరి ముందూ చదివించాడు. రాతిబాట మంచిదే గానీ నడిమధ్య పాచి పట్టిన బండ ఉంది, ఎడమకి ఒరిగి పోవాలి అన్నాడు ఒక ముసలి కాపరి. ఆ సంగతి దాలయ్యకీ తెలీదు. రెండూ గీశారు. ఎవరు చెప్పారో, ఎందుకు ఒప్పుకున్నారో పక్కనే రాశారు. రాసింది విరూపాక్షయ్యే, పెరట్లోంచి తిరిగొచ్చాక, తలెత్తకుండా. నలభై బండ్లవాళ్ళూ తమ నకళ్ళు అక్కడే దిద్దుకున్నారు.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు.

"ఆ గది తలుపు నాకిప్పించండి ప్రభూ. ఇంక దానితో మీకు పనేముంది? నాలుగు రాళ్ళ మీద వేస్తే, మజ్జిగ తాగడానికొచ్చినవాళ్ళు కూర్చుంటారు."

రాజు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టి, తలుపూ, దానితోపాటు అయిదు వెండి చెంబులూ ఇప్పించాడు.