గోడవైపు అతుకు

పనిలో తనకు ఎదురులేదని హైమవతికి నమ్మకం కుదిరింది. ఉక్కు గొట్టాల అతుకుల్లో పైకి కనబడని పగుళ్లను ధ్వని తరంగాలతో పట్టుకోవడం ఆమె పని. అరచేతిలో పట్టే ప్రోబ్‌ను అతుకు వెంట నడిపిస్తే, తరంగాలు కోణాలు మార్చుకుంటూ లోహంలోకి దూరి, లోపలున్నదాన్ని తెరమీద రంగుల్లో చూపిస్తాయి.

ఆ పని నేర్పిన జకరయ్య మాస్టారు ముప్పై ఏళ్లుగా బాయిలర్ల మధ్యే బతికిన మనిషి. ఈ కొత్త యంత్రం వచ్చాక ఆయన ఎక్కువగా చూస్తూ కూర్చునేవారు. ఇక ఆయన నేర్పాల్సిందేమీ లేదని ఆమెకు లోలోపల అనిపించేది.

ఆరోజు విద్యుత్ కేంద్రంలో పెద్ద ఆవిరి గొట్టానికి పన్నెండు అతుకులు చూడాలి. మధ్యాహ్నానికే ముగించి, రిపోర్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అన్నీ బాగున్నాయి మాస్టారూ. మీ సంతకం అయితే మూడింటికి ఆవిరి వదులుతారట."

ఆయన రిపోర్టు తెరవలేదు. అన్నం క్యారియర్ తీసుకుని లేచారు.

"మూడింటికి ఆ గొట్టం కిందే కూర్చుని తిందాం. ఫిట్టర్లు రోజూ నడిచే దారేగా. ఏ అతుకు కింద కూర్చుందాం, నువ్వే చెప్పమ్మా."

హైమవతి తలెత్తి చూసింది. మొదటిది. రెండోది. మూడోది. ఎనిమిదోదాని దగ్గర ఆమె చూపు ఆగకుండా దాటిపోయింది.

"నాలుగోదాని కింద," అంది.

"సరే," అని ఆయన క్యారియర్ పట్టుకుని నడిచారు.

ఆమె మాత్రం కదల్లేదు. ఎనిమిదో అతుకు గోడకు ఆనుకుని ఉంది. అటువైపు జానెడు మేర ప్రోబ్ అందలేదు. మిగతాదంతా బాగుంది కదా అని, మొత్తం చూసినట్టే రాసింది.

"ఒక్క గంట ఆగండి మాస్టారూ," అని నిచ్చెన ఎక్కింది.

పరంజా జరిపించి, గోడ సందులోకి భుజందాకా చెయ్యి దూర్చి, ప్రోబ్‌ను మెల్లగా నడిపింది. తెరమీద సన్నటి ఎర్రగీత లేచింది. వేలెడు పొడవు పగులు.

ఆ సాయంత్రం ఆవిరి వదల్లేదు. ఆమే ఇంజనీరు గారి దగ్గరికెళ్లి, పొద్దున తను రాసింది తప్పని చెప్పి వచ్చింది. మాస్టారు పక్కన కూర్చుంది.

"అక్కడ పగులుందని మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"తెలియదమ్మా," అన్నారాయన. "నీకు తెలుసేమోనని అడిగాను."